సున్నపుదిబ్బకు ఇరవై నాలుగేళ్ల కాపలా

మా జిల్లేళ్లపాడు జక్రయ్య సున్నపు బట్టీకి ఇరవై నాలుగేళ్లు కాపలా కాశాడు. అది బట్టీ అని వాడికి తెలియదు. వాడికి జీతమిచ్చిన శాఖకు తెలియదు. ఏడాదికోసారి జీపులో వచ్చి, కొబ్బరిబోండాలు తాగి, దిబ్బ ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లిన ఆఫీసర్లకు అంతకంటే తెలియదు. అందరం దాన్ని రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం అనుకున్నాం.

నా పేరు ఇమాం హుస్సేన్. మండలాఫీసు గేటు పక్కన రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను. మొదట చేత్తో రాశాను, తర్వాత టైపు మిషను మీద కొట్టాను, ఇప్పుడు కంప్యూటరు మీద కొడుతున్నాను. 'దివ్యసముఖమునకు' అన్న మాటను ఇన్నేళ్లలో ఎన్ని వేలసార్లు కొట్టానో లెక్కలేదు. దివ్యం గానీ, సముఖం గానీ ఆ ఆఫీసులో నాకు ఒక్కనాడూ కనపడలేదు.

జక్రయ్యా నేనూ ఏడో తరగతి దాకా ఒకే బెంచీ. వాడు, వీడు అని రాస్తున్నానని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. గారూ అని పిలిస్తే వాడే నన్ను తంతాడు. వాడు నన్ను సాయిబూ అంటాడు. మనిషి సన్నం, ఖాకీ చొక్కా వదులు, మెళ్లో దారానికి ఈల. ఆ ఈల ఊదడమంటే వాడికి మహా సరదా. మేక దిబ్బెక్కినా ఊదేవాడు, మబ్బు పట్టినా ఊదేవాడు.

ఉద్యోగం దొరికిన వైనం చెబుతాను. రెండువేల ఒకటిలో వారసత్వ స్థలాల శాఖ నుంచి ఒక ఆఫీసరు పాత కాగితం పట్టుకుని మా ఊరొచ్చాడు. ఎప్పుడో దొరల కాలంలో ఎవరో సర్వేయరు రాసిపెట్టిన ముక్క అది: ఊరికి ఉత్తరాన దిబ్బ ఉంది, చెక్కడపు రాళ్లు కనిపిస్తున్నాయి, స్తూపం కావచ్చు. ఆఫీసరు నేరుగా చెంచురామయ్య గారి అరుగు మీద దిగాడు. చెంచురామయ్య అప్పటికి సర్పంచి. నలభై ఎకరాల మిరప, పత్తి ఉన్న ఆసామి. కాఫీ ఇచ్చి, జీడిపప్పు ఉప్మా పెట్టించి, కూర్చున్న చోటు నుంచే వేలు చూపించాడు, అదిగో సున్నపుదిబ్బ అని.

ఊరికి ఉత్తరాన దిబ్బలు రెండున్నాయి. రెండోది కాలవకు అవతల, పల్లెవాళ్ల సమాధులున్న దిబ్బ. చెంచురామయ్యకు ఆ సంగతి తెలియక కాదు. జీపులో వచ్చిన పెద్ద ఆఫీసరును మాలపల్లె శ్మశానానికి నడిపించడమన్న ఆలోచన ఆయన బుర్రలోకి రాలేదు, అంతే. అలాంటి ఆలోచన వచ్చే బుర్ర మా ఊరి మోతుబరుల్లో ఎవరికీ దేవుడివ్వలేదు. ఆఫీసరు సున్నపుదిబ్బ దగ్గరికెళ్లాడు, పైన రెండు చెక్కడపు రాతిముక్కలు దొరికాయి, కాగితంలో ఉన్నదీ అదే అనుకున్నాడు. దిబ్బకు సున్నపుదిబ్బ అని పేరెందుకొచ్చిందని అడిగితే చెప్పడానికి ఎవరూ లేరు. బౌద్ధులు స్తూపానికి సున్నపు పూత పూసేవారు కనుక ఆ పేరొచ్చిందని తానే రాసుకున్నాడు. బోర్డు పాతేశారు.

ఆ పూట దిబ్బ పక్కచేలో జక్రయ్య పత్తికి మందు కొడుతున్నాడు. దాహమేసిన ఆఫీసరుకు బిందె వంచి నీళ్లు పోశాడు. పేరడిగి, చదువడిగి, కాపలాకి ఉంటావా అన్నాడాయన. పురుగుమందు డబ్బా అక్కడే దించి మళ్లీ భుజానికెత్తుకోలేదు మా వాడు.

ఇంత ఘనమైన ఉద్యోగాన్ని ఏమాత్రం లెక్కచేయని మనిషి ప్రపంచంలో ఒకతే ఉండేది. ఆమె రెబ్కా, జక్రయ్య పెళ్లాం. మిరపకోతల్లో ముఠాకు పెద్ద. ఇరవై మంది ఆడవాళ్లను వెంటేసుకుని చేలోకి దిగితే రైతులకు కూడా కాస్త బెదురు. మధ్యాహ్నం కోత ఆపి, చేతులు మజ్జిగతో కడుక్కుని, మొగుడికి క్యారేజీ తెచ్చేది. దిబ్బ మీద ఇద్దరూ కూర్చుని తినేవారు. నేను ఆ వేళకు అటుపోతే నాకూ ఒక ముద్ద.

"ఏం కాస్తున్నాడు అన్నా మీ స్నేహితుడు?" అనేది నాతో. "మట్టి. మట్టిని ఎవడన్నా ఎత్తుకుపోతాడా? ఆ బుద్ధుడు లేచొచ్చి అన్నం అడిగితే నీ వాటా పెట్టు, నా వాటా ముట్టుకోబాక అని చెప్పా ఈయనకి."

"గవర్నమెంటు స్థలంలో కూర్చుని గవర్నమెంటును తిట్టబాకే," అనేవాడు జక్రయ్య.

"అయితే ఈల ఊదు," అనేది రెబ్కా.

పిల్లల్లేరు. అందుకని ఆ ఇద్దరూ ఒకళ్లకొకళ్లు మొగుడూ పెళ్లామే కాక, పిల్లలు కూడా అయ్యారు. పోట్లాటలూ అలాగే ఉండేవి.

కాపలా అంటే మరీ కటువుగా కాసేవాడని అనుకోవద్దు. ఫిబ్రవరి వచ్చిందంటే చెంచురామయ్య మిరపకాయలు ఆ దిబ్బ మీదే ఆరేవి. ఎత్తు మీద ఉంటుంది, గాలి తగులుతుంది, వాన పడినా నీళ్లు నిలవవు. అంతకంటే మంచి కల్లం చుట్టుపక్కల లేదు. రక్షిత స్థలంలో కాయలు ఎండబోయడం నేరమని బోర్డు మీద విడిగా రాయలేదు కాబట్టి జక్రయ్య ఊరుకునేవాడు. ఒక మార్చిలో తనిఖీకొచ్చిన ఆఫీసరు ఎండకు జడిసి జీపు దిగకుండా, రోడ్డు మీంచే ఫొటో తీసుకుని, స్తూపం మీద ఎర్రమట్టి పొర ఉన్నదని రిపోర్టు రాశాడు. ఆగస్టులో ఇంకో ఆఫీసరొచ్చి ఆ ఎర్రమట్టి ఏమైందని జక్రయ్యను నిలదీశాడు. గుంటూరు మిర్చి యార్డుకెళ్లిందని చెప్పలేక, వానకు కొట్టుకుపోయిందన్నాడు మా వాడు. ఆ మాటా రిపోర్టులోకెక్కింది.

ఇంకోసారి ఎక్కడో తూర్పుదేశం నుంచి ముగ్గురు భిక్షువులొచ్చారు. అమరావతి చూసి, ఎవరో చెబితే కారు ఇటు తిప్పారట. చెప్పులు విప్పి దిబ్బ చుట్టూ మూడుసార్లు తిరిగారు. కళ్లు మూసుకుని గంటసేపు కూర్చున్నారు. ముగ్గుర్లోకి పెద్దాయన కళ్ల వెంట నీళ్లు కారాయి. జక్రయ్య పాస్టరు గారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడి, తర్వాత తలా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చాడు. చాలాకాలం ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు. ఇప్పుడు మాత్రం ఎవరన్నా ఎత్తితే లేచి వెళ్లిపోతాడు.

ఒకసారి కాపలావాళ్లందర్నీ అమరావతి పిలిచి రెండ్రోజులు శిక్షణ ఇచ్చారు. అక్కడ ఒక ఇటుక చూపించారు. మూరెడు పొడవు, జానెడు దాటిన వెడల్పు, నాలుగు వేళ్ల మందం. స్తూపం ఉన్నచోట ఇలాంటి ఇటుకే ఉంటుంది, దీన్ని చూస్తే వదలొద్దు అన్నారు. జక్రయ్య తిరిగొచ్చి నెలరోజులు తన దిబ్బంతా చేతికర్రతో కెలికాడు. బూడిద, తెల్లటి రాతిపొడి, బొగ్గుముక్కలు వచ్చాయి. ఇటుక ఒక్కటీ రాలేదు.

"ఏరా సాయిబూ, స్తూపమంటే ఇటుకలుండాలంట గదా. నా దాంట్లో లేవే?" అన్నాడు.

"నువ్వు పైపైన కెలికావు. లోపలుంటాయి," అన్నాను. నాకేం తెలుసు?

తొమ్మిదేళ్ల కిందట ఏప్రిల్లో, ఆఖరి కోత రోజున రెబ్కాకు వడదెబ్బ తగిలింది. చేలోంచి ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయింది. నలభై తొమ్మిదేళ్లు. ఆ వేళ నేను జక్రయ్య పక్కనే ఉన్నాను. వాడు ఏడవలేదు. ఆమె వేళ్లకు అంటిన మిరప ఘాటు పోలేదని మజ్జిగ తెప్పించి, చేతులు కడుగుతూ కూర్చున్నాడు. నేనే ఏడ్చాను.

మర్నాడు పొద్దున కాలవ అవతల దిబ్బ మీద గుంట తవ్వారు. మూడడుగులు దిగేసరికి గునపం ఖంగుమంది. ఇటుకలు వచ్చాయి. ఆ దిబ్బ మీద గుంట తవ్విన ప్రతిసారీ అలాంటివి వస్తాయి. పల్లెలో తాతల నాటి నుంచీ అలవాటు, ఎవరి గుంటలో వచ్చిన ఇటుకల్ని వాళ్ల సమాధి చుట్టూ పేర్చి, సున్నం కొట్టేస్తారు. ఏటా ఈస్టరుకు ముందు మళ్లీ సున్నం పడుతుంది. ఇక ఇటుక పాతదో కొత్తదో ఎవడికి తెలుస్తుంది? కానీ ఆ రోజు జక్రయ్య గుంట అంచున నిలబడి, పైకొచ్చిన మొదటి ఇటుకను చేత్తో కొలిచాడు. మూర. మళ్లీ కొలిచాడు. తర్వాత నా వైపు చూశాడు. నాకు అమరావతి ఇటుక సంగతి గుర్తొచ్చింది.

ఇటుకల తర్వాత ఒక పలకరాయి కూడా వచ్చింది. మట్టి తుడిస్తే ఒకవైపు ఇంత పెద్ద పద్మం. జక్రయ్య దాన్ని రెబ్కా మీద పరిపించాడు, పద్మం కిందికి, నున్నటి వైపు పైకి. పైన పెయింటుతో ఆమె పేరు నేనే రాశాను. నా అక్షరం బాగుంటుందని ఆమె అనేది.

అంతటితో ఆగలేదు వాడు. ఆమెకు ఎడమపక్కన ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కొలుచుకుని, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పాతాడు. అది తన చోటు. బస్సు కిటికీలోంచి తువ్వాలేసి సీటు ఆపుకున్నాడని పల్లెలో నవ్వారు. నవ్వినా ఎవరూ ఆ చోటు జోలికి పోలేదు. ప్రతి ఈస్టరుకూ రెబ్కాతోపాటు ఆ నాలుగు ఇటుకలకూ సున్నం పడేది. మాట వరసకు కూడా వాడు ఇంకోటి కోరుకోగా నేను వినలేదు. ఇల్లు కారుతున్నా పట్టించుకోలేదు, కంట్లో పొర తీయించుకోమంటే వినలేదు. ఆ ఆరడుగులు ఉంటే చాలు.

స్తూపం నిజంగా ఎక్కడుందో తెలిసిన కాపలావాడు, లేనిచోట రోజూ ఎనిమిది గంటలు ఈల ఊదుతూ మరో ఎనిమిదేళ్లు గడిపాడు. ఎందుకు చెప్పలేదంటే ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. చెబితే బోర్డు వస్తుంది. బోర్డు కింద రెండో లైనులో ఏం రాసుంటుందో వాడికంటే బాగా తెలిసినవాడు లేడు. తవ్వరాదు.

కిందటేడు శాఖకు మా సున్నపుదిబ్బ మీద ప్రేమ పొంగింది. దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల ప్రదేశంగా ప్రకటించాలని తలపెట్టారు. ముందుగా పరీక్ష తవ్వకం చేయడానికి జాస్మిన్ అని ఒక అమ్మాయి వచ్చింది. చీరాల మగ్గాల ఇంటి పిల్ల, ముప్ఫై నిండలేదు. కూలీలతోపాటు తానూ గుంటలో దిగి, తట్ట ఎత్తింది. ఆఫీసరు గుంటలో దిగడం చూసి జక్రయ్య కంగారుపడి కుర్చీ తెచ్చిపెట్టాడు. ఆమె ఒక్కసారీ అందులో కూర్చోలేదు.

పది రోజులు తవ్వారు. బూడిద, బొగ్గు, తెల్లటి పొడి. పదకొండో రోజున సగం కాలిన రాతి చెయ్యి ఒకటి దొరికింది, అయిదు వేళ్లతో. జాస్మిన్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, మట్టిలోనే చతికిలబడింది.

"జక్రయ్య గారూ, ఇది స్తూపం కాదండి. సున్నపు బట్టీ. ఎప్పుడో ఎవరో పక్కనున్న స్తూపం రాళ్లు తెచ్చి ఇక్కడ కాల్చి సున్నం చేసుకున్నారు. అందుకే సున్నపుదిబ్బ."

జక్రయ్యకు ఎనిమిదేళ్లుగా అది స్తూపం కాదని తెలుసు గానీ, బట్టీ అని తెలియదు. "అంటే బుద్ధుణ్ణి కాల్చిన చోటికి కాపలా కాశానామ్మా?" అన్నాడు.

"శాఖ కాయించిందండి. మీ తప్పేం లేదు," అంది ఆ అమ్మాయి. తర్వాత అడిగింది, "రాళ్లు దూరం నుంచి మోసుకురారు. అసలుది దగ్గర్లోనే ఉండాలి. ఇన్నేళ్లుగా ఇక్కడున్నారు, పెద్ద ఇటుకలు ఎక్కడన్నా చూశారా?"

"లేదమ్మా," అన్నాడు జక్రయ్య.

అరవయ్యేళ్ల జీవితంలో వాడాడిన అబద్ధాలు వేళ్ల మీద చెప్పొచ్చు. ఎర్రమట్టి వానకు కొట్టుకుపోయిందన్నది ఒకటి, ఇది రెండోది. సాయంత్రం నా షెడ్డుకొచ్చి, తలవంచుకుని గంటసేపు కూర్చుని లేచిపోయాడు.

ఈ గొడవ తేలకముందే రెండో గొడవ తగులుకుంది. కొత్తగా వేస్తున్న బైపాసు రోడ్డుకు మట్టి కావాలి. మట్టి తోలే కాంట్రాక్టు చెంచురామయ్యది. ఎక్కడ తవ్వాలా అని చూసి, పల్లె సమాధుల దిబ్బ మీద వేలు పెట్టాడు. ఈసారి ఆ వేలు బాగానే ముందుకొచ్చింది. రికార్డులో అది శ్మశానం కాదు, ప్రభుత్వ పోరంబోకు. పంచాయతీ తీర్మానం కూడా అయిపోయింది. సమాధులకు బదులు వాగు పక్కన స్థలం ఇస్తారట. ఆ స్థలంలో ఆగస్టు వస్తే నడుముల్లోతు నీళ్లుంటాయి.

నేను మూడు అర్జీలు కొట్టాను. తహసీల్దారుకొకటి, రెండోది ఆర్డీవోకు, మూడోది కలెక్టరు గారి సోమవారం గ్రీవెన్సుకు. 'పరిశీలించబడును' అని మూడు జవాబులొచ్చాయి. పరిశీలన ఎలా ఉంటుందంటే, ఒక గురువారం మధ్యాహ్నం చెంచురామయ్య జేసీబీ వచ్చి దిబ్బ పడమటి అంచును నాలుగు బొక్కెనల మేర కొరికేసింది. పల్లె ఆడవాళ్లు కొడవళ్లతో చుట్టుముడితే ఆగింది. సోమవారం పోలీసుల్ని తెచ్చుకుని మళ్లీ వస్తానన్నాడు చెంచురామయ్య.

శుక్రవారం జక్రయ్య వచ్చి నా ఎదురు స్టూలు మీద కూర్చున్నాడు.

"సాయిబూ, బోర్డు పడితే జేసీబీ రాదు గదా?"

"రాదు. వస్తే జైలు."

"ఉన్న సమాధుల్ని పీకేస్తారా?"

నా దగ్గర ఆ నిబంధనల కాగితం ఉంది. తీసి చదివాను. కొత్తగా తవ్వకూడదు, కట్టకూడదు, పూడ్చకూడదు. ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

"అయితే రెబ్కా ఉంటది."

"ఉంటుంది."

"నేనో?"

నేను కాగితం మడతపెట్టాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక వాడి మీదే అరిచాను. "తెలిసి నన్నెందుకు అడుగుతావురా? నిన్ను వాగు పక్కన పూడుస్తారు. ఆగస్టులో ఈదుకుంటూ తిరుగుదువు గానీ."

"నోరు మూసుకుంటే ఇద్దరం పోతాం. రోడ్డు కింద పడతది ఆమె. బస్సులు తొక్కుతాయి," అన్నాడు నెమ్మదిగా. "కొట్టరా. నేను, కాపలాదారు జక్రయ్య, పెద్ద ఇటుకలు చూశానని కొట్టు. మొన్న లేదని చెప్పింది అబద్ధమని కూడా కొట్టు."

"అది అక్కర్లేదు."

"కొట్టమన్నానా?"

కొట్టాను. దివ్యసముఖమునకు అన్న మాట మాత్రం తీసేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పల్లె చర్చిలో వాడు లేచి నిలబడి సంగతంతా చెప్పాడు. కేకలు లేచాయి. ఇక మనల్నెక్కడ పెడతారని ముసలివాళ్లు అడిగారు. నీ పెళ్లాం కోసం మా అందరి చోటూ అమ్ముతున్నావా అని ఒకాయన అన్నాడు. జేసీబీ ముందు కొడవలి పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లే సర్ది చెప్పారు. వచ్చేవాళ్ల చోటు తర్వాత చూసుకుందాం, ఉన్నవాళ్లను ముందు కాపాడుకుందాం అన్నారు. రెబ్కా ముఠావాళ్లు కదా, మాటల్లో వాళ్లతో ఎవరూ గెలవలేరు.

సోమవారం పొద్దున దిబ్బ మీద అందరం ఉన్నాం. జేసీబీ వచ్చింది, చెంచురామయ్య వచ్చాడు, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. అర్జీ అందుకుని జాస్మిన్ కూడా వచ్చింది. జక్రయ్య చేతిలో గునపం ఉంది. ఇరవై నాలుగేళ్లు దిబ్బ తవ్వబోయినవాళ్ల చేతుల్లోంచి గునపాలు లాక్కున్న మనిషి, ఆవేళ సొంత పెళ్లాం సమాధి మీది పలకరాయి కింద గునపం దూర్చాడు. నేను రెండో వైపు పట్టాను. రాయి లేచింది. ఎనిమిదేళ్ల మట్టి అంటుకుని పద్మం బయటికొచ్చింది.

"అమ్మా, మొన్న మీకు అబద్ధం చెప్పాను," అన్నాడు జక్రయ్య.

జాస్మిన్ మోకాళ్ల మీద కూర్చుని చున్నీతో ఆ రాయి తుడవసాగింది.

"ఎక్కణ్ణించో తెచ్చి పెట్టుంటాడమ్మా. వీడు కాపలా కాసే దిబ్బ మీదవే ఆ రాళ్లు," అన్నాడు చెంచురామయ్య.

ఆ అమ్మాయి లేచి, గురువారం జేసీబీ కొరికిన పడమటి అంచు దగ్గరికి నడిచింది. మేమంతా వెనకాలే పోయాం. కోసిన మట్టిలో ఇటుకల వరసలు తేటగా కనిపిస్తున్నాయి, ఒకదాని మీద ఒకటి పదహారు వరసలు, గుండ్రంగా వంపు తిరిగి. శాఖకు నూరేళ్లుగా చేతకాని తవ్వకాన్ని చెంచురామయ్య తన సొంత డీజిలు పోసి చేసిపెట్టాడు. జాస్మిన్ ఆయనకు నమస్కారం పెట్టి, చాలా థాంక్సండి అంది. వెటకారం కాదు, నిజంగానే అంది. ఆయన ముఖం చూడాల్సిందే.

పనులు అక్కడికక్కడే ఆగాయి. తర్వాత ప్రకటన వెలువడింది, అభ్యంతరాలుంటే రెండు నెలల్లో తెలపండని. అభ్యంతరం రాయించుకోవడానికి చెంచురామయ్య నా దగ్గరికే వచ్చాడు. నేనే కొట్టిపెట్టాను, అది నా వృత్తి. అసలు స్తూపాన్ని రెండువేల ఒకటిలో తానే స్వయంగా చూపించానని, అది సున్నపుదిబ్బేనని ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను. ఒక్క అక్షరం మార్చలేదు. తప్పు దిబ్బకు బోర్డు ఎందుకు పడిందో విచారించే అధికారికి ఆ కాగితం భలే పనికొచ్చింది.

ఇంకో కాగితం కూడా కొట్టాను. అది జాస్మిన్ అడిగి రాయించింది. కాపలాదారు జక్రయ్య భార్య పక్కన ముందే గుర్తుపెట్టుకున్న ఆరడుగుల స్థలానికి మినహాయింపు ఇవ్వాలని. ఆ పిల్ల తన సంతకం పెట్టి, పై ఆఫీసుకు రెండుసార్లు స్వయంగా వెళ్లింది కూడా. నిబంధనలు అనుమతించవని ఒక్క లైను జవాబొచ్చింది. జక్రయ్య దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, టీ తాగుదాం పద అన్నాడు. నాకైతే ఆ జవాబు రాసినవాడి వేళ్లకు మిరపకాయలు పూసి, మజ్జిగ అందనీకుండా చేయాలనిపించింది.

శాఖ రికార్డులో రెబ్కా సమాధికి నంబరు వచ్చింది. పలకరాయిని ఉన్నచోటే ఉంచాలని జాస్మిన్ పట్టుబట్టి రాసింది కనుక, పద్మాన్ని మళ్లీ కిందికే తిప్పి పరిచి, అంచున తెల్లరంగుతో ఒకటి అని వేశారు. ఆమె వయసు రేషను కార్డులో తప్పు, ఆధారులో పేరు తప్పు. బతికుండగా ఆ తప్పులు దిద్దించడానికి నేనే ఆరు అర్జీలు పెట్టాను, పని కాలేదు. పోయిన ఎనిమిదేళ్లకు ప్రభుత్వం ఆమె రికార్డు ఒక్క తప్పు లేకుండా రాసుకుంది.

సున్నపుదిబ్బను రక్షిత జాబితాలోంచి తీసేశారు. పల్లెకు శ్మశానం కావాలి కాబట్టి, ఎత్తు మీద ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం అదొక్కటే కాబట్టి, దాన్నే రాసిచ్చారు, ఈసారి రికార్డులో శ్మశానమని స్పష్టంగా. ఇరవై నాలుగేళ్లు ఎవర్నీ తవ్వనీయని దిబ్బలో రేపెప్పుడో జక్రయ్యకే గుంట తవ్వుతారన్నమాట. చెంచురామయ్య ఈ ఏడు తన కాయలు రోడ్డు మీద ఆరబోసుకున్నాడు. బైపాసు రోడ్డే, ఇంకా బస్సులు తిరగడం లేదు.

కిందటి వారం కొత్త బోర్డు చూద్దామని కాలవ దాటి వెళ్లాను. జాతీయ ప్రాముఖ్యం గల ప్రదేశమని పెద్ద అక్షరాల్లో రాసుంది. దిబ్బెక్కి, కాళ్లు లాగుతుంటే ఒక ఇటుక మీద కూలబడ్డాను. ఈల మోగింది.

"లెగరా సాయిబూ. రక్షిత ఇటుక అది."

లేచాను. లేచాక చూశాను, నేను కూర్చున్నది ఆ నాలుగు మూలల ఇటుకల్లో ఒకటి. వాటి మధ్యన జక్రయ్య శాఖవాళ్లిచ్చిన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కనే రెబ్కా. పదడుగుల అవతల వేపచెట్టు నీడ ఖాళీగా ఉంది, వాడు మాత్రం ఎండలో ఉన్నాడు.

"నీడ అక్కడ పెట్టుకుని ఇక్కడేందిరా?"

"పడుకోటానికి లేదన్నారు గదా. కూర్చోటానికి లేదని ఎక్కడా రాయలా. నేనూ చదివా కాగితం."

"పది నెలల్లో రిటైరవుతున్నావు. ఆ తర్వాత?"

వాడు కాస్త లేచి, కుర్చీని జానెడు రెబ్కా వైపు జరుపుకుని మళ్లీ కూర్చున్నాడు.